ముందు ఉప్పు చూడు, తర్వాత గాలి

నల్లగొండ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బంగాళాఖాతంలో నీటి పొరలు ఎలా కలుస్తాయన్నదే నీ పరిశోధన అని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, నాలుగు మాటలు రాయకుండా ఉండలేను.

సముద్రపు నీటిని కలిపేదేమిటని అడిగితే అందరూ గాలి అంటారు. నిజమే. కానీ నువ్వు ముందు అడ్డుపడుతున్నదేమిటో చూడు. అక్కడ అడ్డుపడేది ఉప్పులో తేడా. కిలో సముద్రపు నీటిలో మామూలుగా 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి వరదలూ వానలూ కలిశాక ఉత్తర బంగాళాఖాతం పైపొరలో అది 30 గ్రాముల కన్నా దిగువకు పోతుంది. (సాగర్ గేట్లు దాటిన మన కృష్ణ నీళ్లూ ఆ సముద్రానికే చేరతాయి గానీ అంత ఉత్తరాన కాదు, ఆ లెక్కలో కలపకు.) తేలికైన నీరు పైన పరుచుకున్నాక కిందనున్న బరువైన నీటిని పైకి తేవాలంటే గాలికి చాలా శక్తి కావాలి. వానాకాలం తర్వాత వచ్చే తుపానులు సైతం అక్కడ పైనీటిని పెద్దగా చల్లబరచలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంటికి వచ్చినప్పుడు గాజు తొట్టిలో సగం దాకా నీళ్లు పోసి, రెండు గుప్పిళ్ల ఉప్పు కరిగించి, నీలి సిరా చుక్కలు వెయ్యి. పలుచని చెక్కముక్క తేల్చి, దాని మీద మంచినీళ్లు సన్నని ధారగా పొయ్యి. తొట్టిని ఒక పక్క కొద్దిగా ఎత్తి దించు. పైనున్న అల గబగబా ఊగుతుంది. సిరా గీత మీద మాత్రం ఇంకో అల ఎంతో నిదానంగా లేస్తుంది. అండమాన్ సముద్రంలో ఆటుపోట్లు నీటి లోపల పుట్టించే ఇలాంటి అలలు పదుల మీటర్ల ఎత్తుంటాయి. అవి విరిగిన చోట పొరలు కలుస్తాయి.

పొరల వేగాల్లో తేడా కూడా నీటిని చెదరగొడుతుంది. పసిఫిక్ భూమధ్యరేఖ దగ్గర పైనీరు పడమరకు పోతుంటే దాని అడుగున ప్రవాహం తూర్పుకు పోతుంది. అక్కడ కల్లోలానికి ప్రధాన కారణం ఆ రాపిడే. నీ లెక్కలో రిచర్డ్‌సన్ సంఖ్య (పొరల బరువు తేడా నీటిని నిలబెట్టే బలాన్ని, వేగాల తేడా చెదరగొట్టే బలంతో పోల్చేది) పావు కన్నా తగ్గితే నీరు కలిసిపోయిందని రాసెయ్యకు, అది అవకాశం మాత్రమే. 20 మీటర్ల సగటు మీద లెక్కిస్తే మీటరు మందంలో జరిగే కల్లోలం కనబడకుండా పోతుందన్నదీ గుర్తుంచుకో.

పగటి ఎండకు పైనీరు వేడెక్కి తేలిపోతుంది, రాత్రి చల్లబడి కిందికి దిగుతూ కలుస్తుంది. సముద్రంలో కొట్టుకుపోతూ, మునిగి లేస్తూ నీటిని కొలిచే ఆర్గో పరికరాలు సాధారణంగా పది రోజులకొకసారి కొలుస్తాయి కాబట్టి వాటిలో ఇది దొరకదు. ఒకచోట లంగరేసి నీటిపై తేల్చి ఉంచే, గంటగంటకూ కొలిచే బోయాల పట్టికలే తీసుకో. వాటిలో సాధారణంగా గ్రీన్విచ్ సమయం ఉంటుంది. 90 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర సూర్యుడి సమయం 6 గంటలు ముందుంటుంది. సరిచేసుకోకపోతే పగలు రాత్రవుతుంది.

దసరాకు వచ్చేటప్పుడు ఒక నెల పట్టిక తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న