కుదురుగా ఉందని నమ్మకు

చి. కిరణ్‌కి మామయ్య ఆశీస్సులు.

గ్రీన్‌లాండ్ తరహా కయాక్, అదే ఒక్కడే కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవ, నువ్వే కట్టుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా అనిపించింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొలతలు నీ ఒంటితోనే తీసుకో. పొడవు దాదాపు మూడు బారలు, వెడల్పు నీ తుంటి కన్నా రెండు పిడికిళ్లు ఎక్కువ. చట్రానికి సీల్ అనే సముద్ర జంతువు తోలు బదులు నైలాన్ గుడ్డ సరిపోతుంది. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

నా భయం వేరు. కూర్చోగానే అది ఊగుతుంది. ఇంకాస్త వెడల్పు చేద్దామనిపిస్తుంది. చెయ్యకు. సియాటెల్‌లో ఉన్న రోజుల్లో నేను ఆ తప్పే చేశాను. కోనసీమ కాలవల్లో నాటు పడవ ఎక్కి పెరిగినవాణ్ని, కదలకుండా ఉంటేనే మంచి పడవ అని నా లెక్క. వెడల్పుగా, అడుగు చదునుగా ఉన్న కయాక్ కొన్నాను. సరస్సులో పీట మీద కూర్చున్నట్టే ఉండేది. ఆ ధీమాతోనే ఊరి పక్కనే ఉన్న సముద్రపు పాయ, ప్యూజెట్ సౌండ్‌లోకి వెళ్లాను. మధ్యాహ్నం పోటుకి ఎదురుగా గాలి లేచింది. అలలు నిటారుగా లేచి పక్కనుంచి కొట్టాయి. చదును అడుగు నీటినే అంటిపెట్టుకుంటుందిరా, నీరు ఎటు వాలితే పడవా అటే వాలుతుంది. సర్దుకునేలోపే తలకిందులయ్యాను. జూలై నెలే, అయినా ఆ చలికి ఊపిరి అందలేదు. తెడ్డు పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకోలేదు. చేపల పడవ వాళ్లు చూడబట్టి బతికాను. మీ అత్తయ్యకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

ఆ తర్వాతే అసలు సంగతి తెలుసుకున్నాను. గ్రీన్‌లాండ్ వేటగాడి పడవ సన్నగా, నీటికి ఆనుకుని ఉండేది గాలికి దొరక్కుండా, సీల్ కంట పడకుండా. అడుగు వాలుగా ఉంటుంది కాబట్టి అలలో నడుముతోనే నిటారుగా నిలుపుకోవచ్చు, బోల్తా పడినా తెడ్డుతో లేవొచ్చు. అలాస్కా వైపు బేరింగ్ సముద్ర తీరంలో వెడల్పాటివి కట్టారు, అవి బరువులు మోయాలి. కెనడా లోపల సరస్సుల్లో, ఏరు దాటే కారిబూ జింకలను వెంటాడటానికి తేలికైనవి కట్టారు. ఏ నీటికి ఆ పడవ.

ఒంటరిగా దిగకు. మొదటి నెల ఒడ్డు దగ్గరే, పక్కన మనిషి ఉండగా, బోల్తా కొట్టి లేవడం నేర్చుకో. డ్రైసూట్‌కి, అదే లోపలికి నీరు రానివ్వని దుస్తులకి, డబ్బులు నేను పంపిస్తాను, మొహమాటపడితే ఊరుకోను. చట్రం పూర్తవగానే ఫోటో పెట్టు నాన్నా, అడుగు వైపు నుంచి తియ్యి.

మీ మామయ్య