12 బస్తాలు, 40 సార్లు

ప్రశ్న: హన్మకొండలో బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ప్రోగ్రామింగ్ నేర్చుకుందామంటే ఒకరు సి అంటారు, ఒకరు జావా, ఇంకొకరు పైథాన్. ఒకటే టెన్షన్. దేనితో మొదలుపెట్టాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: పైథాన్‌తో మొదలుపెట్టమ్మా. డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో తయారుచేసిన సి గొప్ప భాషే. కానీ మెమరీ సంగతి కూడా మనమే చూసుకోవాలి. నేను దాంతోనే మొదలుపెట్టి, పాయింటర్లు (మెమరీలో ఏది ఎక్కడుందో చూపేవి) రాగానే ఆరు నెలలు పుస్తకం మూసేశాను. 1991లో వచ్చిన పైథాన్‌లో ఆ బాధ లేదు, పైగా ఉచితం.

ముందు ఇంటి లెక్క ఏదైనా రాయి. మా నాన్న ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లేవారు. ఆ బస్తాల లెక్కే నా మొదటి ప్రోగ్రాం. బస్తా 40 కిలోలు, 12 బస్తాలంటే 480 రావాలి కదా? తెర మీద 121212 అంటూ 12 వరసగా 40 సార్లు పడింది! ఇన్‌పుట్ అనే ఫంక్షన్ మనం కొట్టిన అంకెను కూడా అక్షరాల్లాగే తీసుకుంటుంది మరి; అక్షరాలను 40తో గుణిస్తే పైథాన్ వాటినే 40 సార్లు రాస్తుంది. ఆ 12ను సంఖ్యగా మార్చే ఇంట్ ఫంక్షన్‌లో పెట్టాకే లెక్క కుదిరింది.

ఎర్రర్ వస్తే ముందు చివరి లైన్ చదువు, తప్పేమిటో సాధారణంగా అక్కడే చెబుతుంది. ఇంగ్లిష్ అంటావా, ఇఫ్, ఎల్స్, ఫర్ లాంటి కీవర్డులు (పైథాన్‌లో ముందే అర్థం ఖాయమైన మాటలు) మొత్తం 35 చిల్లర, అంతే. జావా సంగతి ఉద్యోగం వాళ్లు అడిగినప్పుడు చూసుకుందువుగానీ.