ఉద్యోగాలొస్తే పేదరికం పోతుందా? ఏడాదిలో ఎన్ని నెలలో ముందు చెప్పండి

పేద దేశాల్లో ఫ్యాక్టరీలు పెట్టి ఉద్యోగాలివ్వడం మేలా, జనం చేతికి నేరుగా డబ్బివ్వడం మేలా అని అడిగారు. నేను ఆర్థిక శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. ఒడిశా గజపతి జిల్లాలో, పర్లాకిమిడి పక్కన మాకు చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి, రేకుల షెడ్డు.

మా కొండల మీద సవర గిరిజనులు పండించే జీడిపిక్క మార్చి నుంచి మే దాకా సంతకొస్తుంది. అందులో చాలావరకు లారీలెక్కి బోర్డరు దాటి పలాస పోతుంది. పని కూడా దానితోపాటే పోతుంది. పిక్కను ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, కటింగ్ మెషీన్ మీద ఒక్కొక్కటే చీల్చాలి. చిప్పలోంచి కారే జీడి తగిలితే చర్మం కాలుతుంది కాబట్టి ఆడవాళ్లు కూర్చునే ముందే వేళ్లకు ఆముదం రాసుకుంటారు. గ్లౌజులిస్తే పక్కన పెట్టేస్తారు. కిలో లెక్కన కూలీ కదా, వాటితో చెయ్యి ఆడదంటారు. తర్వాత పప్పును వేడిచేసి పొట్టు తీయాలి, గుండు, బద్ద, ముక్క వేరుచేయాలి. 80 కిలోల బస్తాకి చివరికి మిగిలేది 20 కిలోల పైచిలుకు పప్పు. పిక్కను పచ్చిగా అమ్ముకున్న ఊరికి ఈ కూలీల్లో ఏదీ దక్కదు.

ఆఫ్రికాలోనూ ఇదే కథ. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పిక్క పండించే ఐవరీ కోస్ట్ నుంచి ఎక్కువ భాగం పచ్చిదే వియత్నాంకో మన దేశానికో వస్తుంది. మొజాంబిక్‌లో అయితే ఒకప్పుడు సొంత ఫ్యాక్టరీలు బాగానే నడిచేవి. 1990ల్లో ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో పచ్చి పిక్క మీద ఎగుమతి సుంకం తగ్గించారు. రైతుకు మంచి ధర వస్తుందన్నారు. పిక్క ఇండియాకు ఓడలెక్కింది, మొజాంబిక్ ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది రోడ్డున పడ్డారు. రైతుకు పెరిగింది నామమాత్రమేనని తర్వాత లెక్కలు తీసినవాళ్లు తేల్చారు.

అయితే షెడ్డు పెట్టేస్తే సరిపోదు. మెషీన్లకు మాకు లోన్ దొరికింది, సబ్సిడీ కూడా వచ్చింది. సీజన్లో పిక్క కొని నిల్వ పెట్టుకోడానికి అప్పు లిమిట్ పెంచమంటే మాత్రం బ్యాంకువాళ్లు మా కాగితాలు చాలవన్నారు. మెషీన్లున్నాయి, మనుషులున్నారు, పిక్క లేదు. దసరా దాటేసరికి షెడ్డుకు తాళం, కుర్రాళ్లు కేరళ రైలుకి. ఈ షెడ్డు ఇంతమందికి ఉపాధి ఇచ్చిందని కాగితం మీద మాత్రం ఉంటుంది!

చివరికి పలాస షావుకారు ఒకాయనతో జాబ్ వర్క్ కుదుర్చుకున్నాం. పిక్క ఆయన పంపుతాడు, అందులో ఆఫ్రికా సరుకే ఎక్కువ. మేం పప్పు చేసి పంపుతాం, కిలోకి ఇంత అని ఇస్తాడు. లాభం ఆయనకే ఎక్కువ, కాదనను. కానీ పని పన్నెండు నెలలూ ఉంది. దాంతో నేను అనుకోనిది ఒకటి జరిగింది. ఇంతకుముందు మా దగ్గర పనిచేసేవాళ్ల ఇళ్లలో చాలామంది వానాకాలంలో అప్పు తీసుకుని, చెట్టు మీద పూత కూడా రాకముందే వచ్చే ఏటి పిక్కను అగ్గువకు రాసిచ్చేసేవారు. ఇప్పుడు వారం వారం కూలీ చేతికొస్తోంది కాబట్టి పిక్కను సంతకు తెచ్చి బేరమాడి అమ్ముతున్నారు. కూలీ కంటే ఈ బేరంలోనే వాళ్లకు ఎక్కువ కలిసొచ్చిందని నా లెక్క.

డబ్బు పంచడం దండగ అనను, పనిలేని నెలల్లో అదే కడుపు నింపుతుంది. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి 200 జిల్లాల్లో మాదీ ఒకటి. చెరువు పనికి మనుషులు వెళ్లిపోతున్నారని మా నాన్నగారు గొణుక్కుంటూనే కటింగ్ రేటు పెంచారు. చేతిలో ఇంకో పని ఉన్నవాళ్లతోనే కదా యజమాని మర్యాదగా మాట్లాడేది.

ఆటోమేటిక్ కటింగ్ మెషీన్లు వియత్నాంలో ఎప్పుడో వచ్చాయి, పలాసలోనూ వచ్చేశాయి. సబ్సిడీ ఇప్పిస్తాం, కొనమని నా దగ్గరికీ వస్తున్నారు. ప్రస్తుతానికి వద్దన్నాను. ఆ వాయిదాలు కట్టే డబ్బుతో ఈ సీజన్లో సొంతంగా కొంత పిక్క కొంటున్నాను.