సన్న వైరు, లావు వైరు: కొత్తగా పనిలో దిగిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

లావు వైరుకు సన్న వైరు కలిపితే, ఆ జాయింటు దాటాక కరెంటు తగ్గుతుందా అని అడిగావు. తగ్గదు. ఒకే దారిలో వరుసగా ఉన్న తీగల్లో, లావైనా సన్నమైనా, కరెంటు అంతటా ఒక్కటే. ఇటు 10 ఆంపియర్లు వెళ్తే అటు 10 ఆంపియర్లే వస్తాయి. మధ్యలో పేరుకుపోవు, ఖర్చయిపోవు. సన్న వైరు వేశాం గనక కరెంటు తక్కువే లాగుతుందని ధీమాగా చెప్పే పనివాళ్లు నీకు తప్పకుండా తగులుతారు. వాళ్లతో వాదించకు. వాళ్లు వేసిన వైరును మాత్రం నమ్మకు.

మరి సన్న భాగంలో మారేది ఏమిటంటే ఎలక్ట్రాన్ల నడక. కాలువ ఇరుకైన చోట నీరు వడిగా పారినట్టు, అక్కడ అవి వేగం పెంచాలి. ఆ వేగమూ నువ్వు ఊహించేంత కాదు. 10 ఆంపియర్లు మోస్తున్న 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో ఎలక్ట్రాన్లు సెకనుకు సగటున అర మిల్లీమీటరు జరుగుతాయి, అంతే. 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో అందులో నాలుగో వంతు. స్విచ్ వేయగానే దీపం వెలగడానికి కారణం, తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉండటం. అన్నింటినీ కదిలించే తోపు క్షణంలో తీగ పొడవునా అందుతుంది. సన్న భాగంలో ఆ తోపు ఎక్కువ కావాలి గనక వోల్టేజిలో పెద్ద వాటా అక్కడే పడిపోతుంది. వేడి ఎక్కువగా పుట్టేదీ అక్కడే.

తీగను కంటితో చూసి అంచనా వేయకు. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది, నిరోధం నాలుగింతలవుతుంది. చూపుకు కొంచెమే సన్నగా ఉన్న తీగ లెక్కలో చాలా సన్నం.

అన్నింటికంటే ఎక్కువగా నువ్వు భయపడాల్సింది పొడవాటి సన్న తీగకు కాదు, లావు తీగలో ఒక చిన్న సన్నని చోటుకు. ఇన్సులేషన్ ఒలిచేటప్పుడు 30 పోగుల్లో 20 తెగిపోయాయనుకో. టెర్మినల్‌లో దూరడం లేదని కావాలనే పోగులు కత్తిరించేవాళ్లూ ఉన్నారు. ఆ సెంటీమీటరులో నిరోధం మూడింతలు, వేడి మూడింతలు. మొత్తం లైను నిరోధంలో మాత్రం ఆ పెరుగుదల లెక్కలోకి రానంత చిన్నది. అందువల్ల కరెంటు తగ్గదు. కరెంటు హద్దు మీరితే లైను తెంచే బ్రేకరు కొలిచేది కరెంటునే గనక దానికి ఏ తేడా తెలియదు, పడదు. వదులు స్క్రూ ఇంకా చెడ్డది. లోహం లోహాన్ని ఒకటి రెండు బిందువుల్లోనే తాకుతుంది, అక్కడ వేడెక్కుతుంది, చిలుము పడుతుంది, నిరోధం పెరుగుతుంది, మళ్లీ వేడి. మాడిన వాసన గోడ మధ్యలోంచి కాకుండా సాకెట్ దగ్గరే ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

సన్నదే ఎప్పుడూ ఎక్కువ వేడెక్కుతుందని మాత్రం బట్టీ పట్టకు. 60 వాట్లు, 100 వాట్ల ఫిలమెంటు బల్బులను విడివిడిగా సరఫరాకు కలిపితే ఫిలమెంటు లావై నిరోధం తక్కువున్న 100 వాట్లదే ఎక్కువ ప్రకాశిస్తుంది. రెండింటినీ వరుసగా కలుపు, 60 వాట్లది ఎక్కువ వెలుగుతుంది. రెండింటికీ సమానంగా అందుతున్నది కరెంటా, వోల్టేజా అన్నది ముందు తేల్చుకుని అప్పుడు జవాబు చెప్పు.

ఇంకొకటి. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు 1.5 వైరుకు నాలుగింతల కరెంటు మోయదు, మూడింతలు కూడా మోయదు. లోహం నాలుగింతలైనా వేడిని బయటికి వదిలే పైతలం రెండింతలే. మామూలు పీవీసీ ఇన్సులేషన్ 70 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. కాబట్టి తయారీదారు ఇచ్చిన పట్టికే ప్రమాణం. ఒకే పైపులో ఎక్కువ వైర్లు కుక్కినా, వైరును చుట్టగా వదిలేసినా పట్టికలోని అంకె ఇంకా తగ్గించుకోవాలి.

బ్రేకరును లైనులో అన్నింటికంటే సన్న వైరుకు సరిపోయేలా ఎంచుకో. ఫ్యూజు తీగ మనం కావాలని పెట్టుకున్న సన్నని చోటు. అది పోయినప్పుడల్లా అంతకంటే లావు తీగ చుట్టమని అడిగేవాళ్ల మాట వినకు.

ఇక నీ మోటారు లైను. 60 మీటర్ల దూరం అన్నావు, అంటే రానూ పోనూ 120 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ మీటరుకు 0.017 ఓంలు. ఆ లెక్కన 2.5 వైరు వేస్తే 10 ఆంపియర్ల దగ్గర సుమారు 8 వోల్టులు దారిలోనే పోతాయి. అది పర్వాలేదు. స్టార్టు చేసేటప్పుడు ఐదారింతలు లాగుతుంది గనక అప్పుడు 40 వోల్టులకు పైనే పడిపోతుంది. మోటారు మూలుగుతుందే తప్ప తిరగకపోవచ్చు. 4 వైరు వేయి. కొన్న వైరు చుట్టలో ఒక ముక్క తక్కువైందని చివర 2.5 అతికించకు.

నీ మామయ్య