రీల్ డిలీట్ చేస్తే సరిపోతుందా అని అడిగిన తండ్రికి

చీపురుపల్లి దగ్గర ఒక ఊరి నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్ల అబ్బాయి విజయనగరంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. పోయిన ఏడాది తోటి విద్యార్థిని ఫొటోకి వెకిలి మాటలు తగిలించి ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెట్టాడు. ఆ అమ్మాయి ఇంటివాళ్లు స్టేషన్‌కి వెళ్లారు, పోలీసులు వీడిని పిలిచి మందలించి పంపేశారు. "అకౌంటే తీసేయిస్తే వెరిఫికేషన్‌లో బయటపడదు కదా మాస్టారూ? వాడేమో ఇప్పుడు పోలీసు ఉద్యోగం వద్దు, అరవై వేలు కడితే డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసి ఇన్‌ఫ్లూయెన్సర్ అయిపోతానంటున్నాడు. రెండింట్లో ఏది మంచిది?"

అయ్యా, ముందు టెన్షన్ కొంచెం తగ్గించుకోండి. వాడి బతుకు పాడైపోయిందేమో అన్నదే మీ అసలు భయం. పాడవలేదు. ఇలాంటి ఉత్తరాలు శ్రీకాకుళం నుంచీ, బొబ్బిలి నుంచీ, రాజాం నుంచీ నాకు వస్తూనే ఉంటాయి, అందులో చాలామంది పిల్లలు తర్వాత కుదురుకున్నారు.

రేపే స్టేషన్‌కి వెళ్లి ఎఫ్‌ఐఆర్ అయిందా లేదా కనుక్కోండి. ఉత్త మందలింపు వేరు, కేసు వేరు. సెలెక్ట్ అయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టయ్యారా, కేసులున్నాయా అని అడుగుతారు. ఏమీ లేకపోతే లేదని రాయడం నిజమే. ఉంటే మాత్రం దాచొద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని గురించి వివరంగా చెప్పింది. చిన్న వయసులో జరిగిన చిన్న తప్పుల్ని అధికారులు క్షమించే వీలుంది, కానీ ఫారంలో కావాలని దాస్తే ఆ దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఖాయమని నేను చెప్పను, ఆ నిర్ణయం శాఖది. అబద్ధం రాస్తే మాత్రం వాడు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మీ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

డిలీట్ సంగతి. కేసు లేకపోతే ఆ రీల్ ఈ రోజే తీయించండి, ఆ అమ్మాయి కోసం. కేసు ఉంటే వకీలుని అడగకుండా ఫోన్‌లో ఏదీ ముట్టుకోవద్దు, సాక్ష్యం చెరిపినట్టవుతుంది. అయినా తీసేస్తే పోయిందనుకోకండి, చూసినవాళ్లలో ఎవరి ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉందో మీకేం తెలుసు? 2022 జూన్‌లో సైన్యంలో చేర్చుకునే అగ్నిపథ్ పథకం మీద జరిగిన గొడవల్లో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో రైలు బోగీలు తగలబెట్టినప్పుడు పోలీసులు వాట్సాప్ గ్రూపుల్నే తవ్వారు. ఆ విధ్వంసంలో తాము లేమని అభ్యర్థులు రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవరినీ తీసుకోం అని ఆర్మీ చెప్పింది. ప్రతి వీధిలో ఒక జవాను ఉన్న మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో అప్పుడు భయపడ్డారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మీకు కోపం వచ్చే మాట. ఇంత పొడుగు ఉత్తరంలో ఆ అమ్మాయి ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. కాలేజీకి వస్తోందా, పరీక్షలు రాసిందా, బస్సులో ఎవరైనా ఆ రీల్ ఎత్తి ఏడిపిస్తే ఏం చేస్తోంది? ఇవేవీ అడగకుండా వెరిఫికేషన్ గురించి అడిగారు. పైగా "ఎలక్షన్లప్పుడు మేమూ ఎన్నో ఫార్వర్డ్ చేశాం, ఎవరూ ఏమీ అనలేదు" అని రాశారు. వాడు ఎక్కడ నేర్చుకున్నాడో మీరే చెప్పారండీ. మీరు మీ గ్రూపుల్లో ఆడవాళ్ల మీద బూతు ఫార్వర్డులు మానకుండా వాడికి బుద్ధి చెప్తే వాడు వినడు.

వాడి చేత క్షమాపణ చెప్పించండి. పదిమందిని వెంటేసుకుని వాళ్లింటి మీదకి వెళ్లొద్దు, వాడు ఆమెకి సొంతంగా మెసేజ్ పెట్టొద్దు. కాలేజీలో ఒక మేడమ్ ద్వారా అడిగించి, ఆ అమ్మాయికి ఇష్టమైతేనే. వద్దంటే వద్దు.

ఇన్‌ఫ్లూయెన్సర్ దారి గురించి నాకు చాలా అనుమానాలున్నాయి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటేనే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ, లేదా తొంభై రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ కావాలి. ఆ తర్వాత కూడా ఆదాయం నిలకడగా ఉండదు. ఆ ఖాళీ రోజుల్లోనే బెట్టింగ్ యాప్ వాళ్లు డబ్బులతో వస్తారు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో అలా ప్రచారం చేసిన ఇన్‌ఫ్లూయెన్సర్ల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉంది. పోస్ట్ చేసే ముందు ఆగి ఆలోచించడం ఇంకా రాని కుర్రాడిని, రోజూ పోస్ట్ చేయడమే పని అయిన చోటికి ఇప్పుడు పంపడం నాకు నచ్చదు. అసలు వాడికి ఆ పని మీద ప్రేమ ఉందో, వెరిఫికేషన్ భయంతో పోలీసు ఉద్యోగం వద్దంటున్నాడో ముందు అడగండి. నాకు రెండోదే అనిపిస్తోంది.

డిజిటల్ మార్కెటింగ్ చెడ్డ చదువు కాదు. కానీ దాని మొదటి పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, మూడు నెలలు అవి నేర్చుకోమనండి, పొద్దున్న పరుగు మాత్రం ఆపొద్దనండి. మన ఊళ్లో ఏదో ఒక షాపుకి పేజీ నడిపి చూపిస్తే అప్పుడు ఫీజు సంగతి మాట్లాడుకుందాం. అప్పుడైనా కట్టేముందు అక్కడ చదివి ఉద్యోగం చేస్తున్న ఇద్దరితో మీరే ఫోన్‌లో మాట్లాడండి, అంతవరకు అరవై వేలు మీ దగ్గరే ఉంచుకోండి.