కాఫీ ఎగుమతి మొదలుపెడుతున్న మేనల్లుడికి

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాడేరు వైపు గిరిజన రైతుల దగ్గర కాఫీ కొని యూరప్‌కి పంపుతానని రాశావు. మంచిదే. కానీ కిలోకి ఐదు రూపాయలు తగ్గిస్తే ఆర్డర్లు వాటంతటవే వస్తాయన్న ఆలోచన ఇప్పుడే మానుకో.

బ్రెజిల్‌లో చదును నేలల్లో యంత్రాలు కోసేస్తాయి. మనకేమో కొండవాలు, సిల్వర్ ఓక్ నీడ, చేతికోత. ప్రపంచ పంటలో మన దేశం వాటా నాలుగు శాతం లోపే. కాఫీలో మేలు రకం అరబికా ధర న్యూయార్క్ మార్కెట్లో తేలుతుంది, తక్కువ రకం రోబస్టాది లండన్‌లో. చవక పోటీలో దిగామా, మునిగినట్టే.

అయినా మన కాఫీ సగానికి పైగా బయటికే పోతోంది. పెద్ద గిరాకీ ఇటలీది. ఎస్ప్రెస్సోలో కలపడానికి కర్ణాటక, కేరళ రోబస్టా వాళ్లకి కావాలి. కడిగి శుభ్రంగా ఆరబెట్టిన రకానికి లండన్ రేటు మీద అదనంగా ఇచ్చి మరీ కొంటారు. రోబస్టాకే అంత మర్యాద దక్కుతోంది, చూడు. మన అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరుకి లోటు లేదు. ఆ పేరుతో మొదటి ఆర్డర్ వస్తుంది, అంతవరకే.

కాబట్టి నీ డబ్బు, నీ టెన్షన్ అంతా గింజ మీద పెట్టు. ఎర్రటి పండే కోయించు. కోసిన రోజే పల్పింగ్, అంటే పండు తొక్క తీయడం, అయిపోవాలి. మర్నాటికి ఉంచితే పులిసిన వాసన కప్పులోకి వస్తుంది. నేల మీద ఆరబోయనివ్వకు, మంచెలు కట్టించు. డిసెంబర్లో అక్కడి మంచు సంగతి తెలుసుగా, పొద్దు వాలకముందే టార్పాలిన్ కప్పాలి. రైతులు గింజ కొరికి చూసి "ఎండిపోయిందండీ" అంటారు. ఆ మాట మీద బస్తా కుట్టకు, తేమ మీటర్ కొను. పదకొండు శాతం దగ్గర ఆపు. పదమూడుతో కంటైనర్ ఎక్కించావంటే ఓడ దిగేసరికి బూజు పడుతుంది. శాంపిల్ కోసం ప్రత్యేకంగా ఏరి పంపకు. బస్తాలో ఏముందో అదే పంపు. 2025లో అరకులో కాయతొలుచు పురుగు కనబడింది కదా, చిల్లు గింజలు ఏరడానికి మనుషుల్ని ఎక్కువ పెట్టుకో.

ఇంకోటి. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికిన భూమిలో పండిన కాఫీ వద్దని యూరప్ చట్టం చేసింది. అమలు వాయిదాలు పడుతోంది గానీ, ఒక్కో రైతు తోట హద్దులు ఫోన్‌లో జీపీఎస్‌తో ఇప్పుడే నమోదు చేయించు. పోడు మాన్పించడానికి వేయించిన తోటలు మనవి; ఆ హద్దుల నమోదు కాగితం చేతిలో ఉంటే కొనేవాడు నీ మాట వింటాడు.

కాఫీ బోర్డు రిజిస్ట్రేషన్ ముందు తీసుకో. ఈ ఏడు కంటైనర్ జోలికి పోకు, నాలుగైదు బస్తాలు పంపి చూడు. సరుకు చేతికి రాకముందే ఎవరికీ రేటు ఖాయం చేయకు. పల్పర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు నాకొకసారి ఫోన్ చెయ్యి.

మీ మామయ్య