లైట్ల రంగు మార్చుకోవచ్చా?

ప్రశ్న: లంబసింగి వైపు పొగమంచులో తరచూ వెళ్తుంటాం. కారు హెడ్‌లైట్లలో పసుపు బల్బులు, ముందు నీలం ఎల్‌ఈడీలు, వెనక లైట్ల మీద నల్ల స్టిక్కర్ పెట్టించుకోవచ్చా?

జవాబు: ఈ మూడూ వద్దండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అమరికను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

హెడ్‌లైట్ తెల్లగానే ఉండాలి. ముందువైపు ఎరుపు కనిపించకూడదు. నీలం పోలీసు, అంబులెన్సు వంటి అత్యవసర వాహనాలది. వెనక ఎరుపు లైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. దాని మీద నల్ల స్టిక్కర్ అంటిస్తే మీరు బ్రేకు వేసిన సంగతి వెనకవాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం ఇదే, దాని జోలికే పోకండి.

పసుపు కావాలంటే ఫాగ్ ల్యాంపుల్లో (పొగమంచు కోసం కింద ఉండే లైట్లలో) పెట్టుకోండి, అక్కడ నిబంధన ఒప్పుకుంటుంది. బంపర్‌లో కంపెనీ ఇచ్చిన చోటే, కిందికి వంచి బిగించాలి. మంచులో హైబీమ్ (దూరానికి పడే వెలుగు) వేస్తే కాంతి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. లోబీమ్ (దగ్గరగా, కిందికి పడే వెలుగు)తోనే వెళ్లండి.

హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైట్ డోమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టించడమూ మంచిది కాదు. ఫిలమెంట్ (వెలిగే తీగ) ఉండాల్సిన చోట ఎల్‌ఈడీ చిప్ సరిగ్గా కూర్చోకపోతే వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లు బైర్లు కమ్ముతాయి. మీ కారుది హెచ్4 రకం బల్బు అయితే 12 వోల్టుల 60/55 వాట్ల తెల్ల బల్బే వేయించి, ఫోకస్ సరిచేయించండి.